మైకా కిటికీ ఉన్న గైగర్ కౌంటర్: కొన్నేళ్లు వాడిన తరువాత

తెర, మెమరీ, ఛార్జింగ్ వంటి సంగతులన్నీ అమ్మేవారి కాగితంలోనే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది, వాయువు నింపిన గొట్టంతో రేడియోధార్మిక కిరణాలను టిక్కులుగా లెక్కించే ఈ పరికరం వెనుకవైపు సన్నని జాలీ కింద కనిపించే గుండ్రటి మైకా పొర గురించి. నెల్లూరులో భౌతికశాస్త్రం బోధించే నాకు, సైదాపురం వైపు గుట్టల పక్కన ఎండకు తళతళలాడే కాకిబంగారం కొత్త కాదు. కానీ తలవెంట్రుక మందంలో సుమారు పదోవంతుకు చీల్చిన ఆ మస్కొవైట్ మైకా పొర, గొట్టంలోని వాయువును బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతూనే, రేడియోధార్మిక పదార్థం నుంచి వెలువడి కాగితానికే ఆగిపోయే ఆల్ఫా కణానికి దారి ఇస్తుందన్న విషయం, దీన్ని చేతికి తీసుకున్నాకే నాకు పూర్తిగా మనసుకెక్కింది.

మా ప్రయోగశాలలో అంతకు ముందున్న లోహపు గొట్టం బాగా చొచ్చుకుపోయే గామా కిరణాలకు, బాగా శక్తి గల బీటాకు (అంటే వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లకు) మాత్రమే పలికేది. ఆల్ఫా గురించి బల్లమీద రాయడమే తప్ప చూపించే వీలుండేది కాదు. 1899లో రూథర్‌ఫర్డ్ యురేనియం కిరణాలకు పలుచని అల్యూమినియం రేకులు అడ్డుపెట్టి ఆల్ఫా, బీటాలను విడదీసిన పద్ధతినే, ఇప్పుడు పాత పెట్రోమాక్స్ లైటు మాంటిల్‌తో తరగతిలో చేసి చూపిస్తున్నాను. ఆ మాంటిళ్లలో ఉండేది రేడియోధార్మిక మూలకమైన థోరియమే. డబ్బా మూత తీసి, మాంటిల్‌ను ముట్టుకోకుండా కిటికీని దాని దగ్గరకు తెస్తే, అప్పటిదాకా ఆగి ఆగి వినిపించిన టిక్కులు ఒక్కసారిగా గరగరమంటాయి. మధ్యలో నోటుపుస్తకం కాగితం ఒకటి దూర్చగానే ఆ గరగర పలచబడుతుంది, ఆగిపోయింది ఆల్ఫా. కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం పలక పెడితే బీటా కూడా దాదాపుగా పోయి, గామా వల్ల వచ్చే కొద్దిపాటి అదనం మాత్రమే మిగులుతుంది. ఆల్ఫాకు గాలిలో ఉండే కొద్ది సెంటీమీటర్ల పరుగులో కొంత భాగాన్ని మైకాయే తినేస్తుంది కనుక, కిటికీకీ మాంటిల్‌కూ మధ్య ఒక సెంటీమీటరుకు మించి ఎడం ఉండకూడదు.

అయితే నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది వాన. మే నెలలో ఒక సాయంత్రం, పగలంతా వడగాలి కొట్టిన తరువాత ఉరుములతో వాన పడింది. అది వెలియగానే కారు ముందు అద్దాన్ని మెత్తటి కాగితంతో తుడిచి, దాన్ని మడిచి కిటికీ ముందు పెట్టాను. మామూలు రోజున నిమిషానికి నలభైకి అటూ ఇటూ ఉండే కౌంట్లు, అంటే టిక్కుల సంఖ్య, దానికి ఎన్నో రెట్లు పెరిగాయి. నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు గాలిలో కలుస్తుందనీ, అది క్షయమైనప్పుడు ఏర్పడే సీసం-214, బిస్మత్-214 ధూళికి అంటుకుని వానతో కిందికి వస్తాయనీ చదివి ఉన్నాను. అవి మా వీధిలో నిలిపిన కారు అద్దం మీద ఉండడం వేరు. వాటి అర్ధాయువులు, అంటే ఉన్నదానిలో సగం క్షయం కావడానికి పట్టే కాలాలు, సుమారు 27, 20 నిమిషాలు. అందుకే అరగంట గడిచేసరికి కౌంట్లు ఇంచుమించు సగానికి వచ్చి, రాత్రి భోజనాలు ముగిసేసరికి ఆ కాగితం ఏ ప్రత్యేకతా లేని కాగితమైపోయింది. తడి ఆల్ఫాను ఆపేస్తుంది కనుక ఇక్కడ పలికింది ఎక్కువగా బీటాయే. పక్కనే పెట్టిన పాత లోహపు గొట్టంలో మార్పు నామమాత్రం. నవంబరులో వాయుగుండం వానకు ఇదే ప్రయత్నం చేస్తే ఫలితం చాలా బలహీనంగా వచ్చింది. రేడాన్ వెలువడేది ప్రధానంగా నేల నుంచి. బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలిలో అది తక్కువ. ఏ లైసెన్సూ, ఏ రేడియోధార్మిక నమూనా కొనుగోలూ లేకుండా పిల్లలు అర్ధాయువు గ్రాఫును సొంతంగా గీయగలగడం నాకు ఇప్పటికీ పండుగే.

ఇంత మెచ్చుకున్న ఆ కిటికీయే, మనిషికి అందే రేడియేషన్ మోతాదును తెర మీద చూపే మైక్రోసీవర్ట్ అంకెను నమ్మరానిదిగా చేస్తుంది. ఆ అంకెను సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థపు గామాకు సరిపోయేలా క్రమాంకనం చేస్తారు. బీటా కణం లోపలికి వచ్చినా పరికరం దాన్ని గామాగానే లెక్కవేస్తుంది. ఒంగోలులో మా బావగారు ఇల్లు కట్టుకున్నప్పుడు వంటగట్టుకు చీమకుర్తి గెలాక్సీ నల్లరాయి, మెట్లకు వేరే చోటి గులాబీ రంగు గ్రానైటు వేయించారు. నల్లరాయి మీద ఏ తేడా లేదు. అది భూగర్భశాస్త్రం ప్రకారం గాబ్రో జాతిది, పొటాషియం తక్కువ. మెట్ల మీద మాత్రం అంకె రెట్టింపు దాకా ఎక్కింది. "ఇప్పుడు మెట్లు పీకించాలా బావా?" అని ఆయన అడిగిన తీరులో నిజమైన భయముంది. కిటికీకి అల్యూమినియం పలక అడ్డుపెట్టి పది నిమిషాలు ఆగి చూస్తే అందులో చాలా భాగం దిగిపోయింది. ఆగడం ఎందుకంటే, నూరు కౌంట్లకు పది వరకు హెచ్చుతగ్గులు సహజం. రెండు మూడు సెకన్ల అంకెకు అర్థం లేదు. ప్రకృతి నుంచే మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు అందుతాయని వివరించాక ఆయన కుదుటపడ్డారు. ఈ పలకను పెట్టెలోనే ఇవ్వవలసింది.

ఇక ఆల్ఫాను "చూపిస్తుంది" అని పైన రాసినదానికి ఒక హద్దు ఉంది. ఏ కణం వచ్చినా ఈ గొట్టంలో పుట్టే విద్యుత్ స్పందన ఒకే పరిమాణంలో ఉంటుంది. కాగితం, పలక పెట్టి మనం ఊహించవలసిందే తప్ప, వచ్చింది ఏ మూలకం నుంచో ఇది చెప్పలేదు. దానికి సోడియం అయోడైడ్ స్ఫటికం ఉన్న పరికరం కావాలి. న్యూట్రాన్లను ఇది దాదాపు గుర్తించదు.

కిటికీ ఒకసారి పగిలింది కూడా. విజ్ఞాన ప్రదర్శనలో ఒక చిన్నవాడి పెన్సిల్ మొన జాలీ సందులోంచి తగిలింది. చూడడానికి వెంట్రుకంత గీత, గొట్టం మాత్రం మూగబోయింది. మైకాకు అతుకు ఉండదు. అమ్మినవారు కొత్త గొట్టానికి చెప్పిన వెల పరికరం ధరలో సగానికి దగ్గరగా ఉంది, తెప్పించడానికి నెలలు పట్టింది. కిటికీకి మూత ఇవ్వకపోవడం వారి లోపమేనని ఇప్పటికీ అంటాను.

పాఠం చెప్పే పనిలో ఉన్నాను, ఖర్చులో కొంత కాలేజీ భరించింది కనుక నాకు ఇది గిట్టుబాటైంది. ఇంట్లో రాళ్ల గురించి ఒక్కసారి సందేహం తీర్చుకోదలచిన వారికి ఇంత ఖర్చు అక్కరలేదు. రోజూ మోతాదు కొలవవలసిన ఎక్స్‌రే గది సిబ్బందికి బ్యాడ్జీ ఉంది, దాని పని ఇది చేయదు. అయినా కొనాలనుకుంటే, డబ్బు కట్టకముందే విడి గొట్టం ధర రాతపూర్వకంగా తీసుకోండి, కిటికీకి సరిపోయే మూత వెంట వస్తుందో లేదో అడగండి.