స్టోన్‌హెంజ్ చూసేశారా? అయితే ఇక గ్రిమ్స్‌పౌండ్‌కి వెళ్లండి

స్టోన్‌హెంజ్‌లో రాళ్లను తాడు ఇవతల నిలబడి చూడాలి. ఇంగ్లండ్‌లో డెవన్ కౌంటీలోని డార్ట్‌మూర్ కొండనేల మీదున్న గ్రిమ్స్‌పౌండ్ అనే పురాతన ఊళ్లో మాత్రం 3,000 ఏళ్లు దాటిన ఇంట్లోకి గుమ్మం గుండానే నడిచి వెళ్లొచ్చు. టికెట్ లేదు, కాపలా లేదు.

సుమారు 450 మీటర్ల ఎత్తులో, హుక్నీ టోర్, హామెల్‌డౌన్ గుట్టల నడుమ, గుండ్రటి ప్రహరీ లోపల 24 గుడిసెల రాతి పునాదులున్నాయి. కప్పులు ఎప్పుడో పోయి, పొట్టి గ్రానైట్ గోడలు మిగిలాయి. ఒక గుడిసెకి గాలి నేరుగా కొట్టకుండా వంపు తిరిగిన వాకిలి ఉంది. దాని చాటున కూర్చున్నాం, గాలి నిజంగానే తగ్గింది! ఆ కట్టినవాళ్లకి మనసులోనే దండం పెట్టుకున్నాను. 1894 తవ్వకాల్లో పొయ్యిలు, బొగ్గు, చెకుముకి రాళ్లు బయటపడ్డాయి. ప్రహరీని చూసి కోట అనుకోకండి. పక్క గుట్టల మీంచి లోపలంతా కనిపిస్తుంటే అదేం రక్షణ? పశువుల కోసం కట్టారన్న మాటే నాకు సబబనిపించింది. హుక్నీ టోర్ ఎక్కితే ఊరి వలయం మొత్తం ఒక్క చూపులో అందుతుంది. అది వదలొద్దు.

కారు తప్పనిసరి, బస్సుల్ని నమ్ముకోలేం. కింద రోడ్డు పక్కన కొన్ని కార్లకే చోటుంది, పొద్దున్నే చేరండి. అక్కడి నుంచి కాసేపు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే డార్ట్‌మూర్‌లోనే ఉన్న మెరివేల్ నయం: దాదాపు చదును నేల, బారులు తీరిన నిలువురాళ్లు, గుడిసెల వలయాలు కూడా ఉన్నాయి. కాకపోతే ఊరన్న భావన అక్కడ కలగదు.

బసకి ఎక్సిటర్ నగరం కన్నా డార్ట్‌మూర్ మీది పోస్ట్‌బ్రిడ్జ్ పల్లె చుట్టుపక్కలే మేలు. మేం దిగిన గెస్ట్‌హౌస్‌లో తడి బూట్లు ఆరబెట్టే గది ఉండటం పెద్ద వరం. శాకాహార భోజనం ఉందని చెప్పి చిప్స్, బఠాణీలు పెట్టడం మాత్రం బాగాలేదు. పులిహోర వెంట ఉంది కాబట్టి సరిపోయింది. వేడి వేడిగా ఏదైనా తాగాలంటే వారెన్ హౌస్ ఇన్ అనే పబ్ దగ్గర్లోనే ఉంది. అక్కడి పొయ్యి 1845 నుంచి ఆరలేదంటారు.

డార్ట్‌మూర్ మీద పొగమంచు ఉన్నట్టుండి కమ్మేస్తుంది, ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రం. కాగితం మ్యాపు, వానకోటు వేసవిలో కూడా పట్టుకెళ్లండి. రోడ్ల మీద గొర్రెలు, పొట్టి గుర్రాలు తిరుగుతుంటాయి, చీకటి పడ్డాక బండి నెమ్మదిగా నడపండి.