పట్నం హైస్కూల్లో సేద్యం చదువు: బడితోట, వొకేషనల్ క్లాసు, కాలేజీ పొలం... ఏది మేలు?

తిరుపతి నగరంలోని ప్రభుత్వ, మునిసిపల్ ఉన్నత పాఠశాలల్లో చదివే పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది పల్లె విడిచి వచ్చి హోటళ్లలోనో, ఆటోల మీదనో, మేస్త్రీ పనుల్లోనో బతుకుతెరువు చూసుకున్నవారే. "మా పిల్లలు ఆ మట్టిలో పడకూడదనే ఊరు వదిలి వచ్చాము, బడిలో మళ్లీ అదే నేర్పుతారా?" అని వారు అడిగితే తప్పు పట్టలేము. నగరంలోని బడికి ఇప్పుడు మూడు దారులు అందుబాటులో ఉన్నాయి. వారి ప్రశ్నకు ఏ దారి సరైన జవాబు ఇవ్వగలదో చూడవలసి ఉంది.

మొదటిది బడితోట. పాఠశాలల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. తోటకూర నెల తిరగకముందే కోతకు వస్తుంది, మధ్యాహ్న భోజనంలో పప్పులోకి పోతుంది, పిల్లలు తాము నీళ్లు పోసిన ఆకునే తింటారు. ఆరు, ఏడు తరగతులకు ఇది చక్కగా సరిపోతుంది. అయితే బోరు నీళ్లు తాగడానికే చాలని బడులు ఉన్నాయి. కొండ పక్కన ఉన్న వీధుల్లో కోతుల బెడద వేరే చెప్పనక్కరలేదు. పైగా తోట సాధారణంగా ఒక్క ఉపాధ్యాయుడి ఉత్సాహం మీద నడుస్తుంది, ఆయనకు బదిలీ అయితే వేసవి సెలవుల్లోనే ఎండిపోతుంది.

రెండవది సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద తొమ్మిది, పది తరగతుల్లో పెట్టుకోగల వొకేషనల్ వ్యవసాయం. దీనికి భోపాల్‌లోని కేంద్ర వృత్తి విద్యా సంస్థ రూపొందించిన పాఠ్యాంశాల్లో టమాట, వంగ, మిరప వంటి పంటల సాగు ఒకటి. టమాటకు పేరుపడిన పాత చిత్తూరు జిల్లాకు ఇంతకంటే తగిన పాఠం దొరకదు. చిక్కంతా నేల దగ్గర వస్తుంది. పొలం లేని బడిలో శిక్షకుడు నాట్ల దూరాన్ని నల్లబల్ల మీద గీస్తాడు, పిల్లలు దానిని ప్రాక్టికల్ రికార్డులోకి ఎక్కిస్తారు, మార్కులూ పడతాయి, మొక్క మాత్రం ఎవరి చేతికీ తగలదు. నా ఉద్దేశంలో పట్నం బడి ఈ కోర్సును నారు పెంపకం చుట్టూ నడుపుకోవాలి. ఒక మూల షేడ్ నెట్ కట్టి, ప్రోట్రేలలో (చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లేలలో) కొబ్బరి పొట్టు నింపి, గుంటకొక విత్తనం వేస్తే ఇరవై అయిదు, ముప్పై రోజుల్లో టమాట నారు నాటడానికి సిద్ధమవుతుంది. జిల్లాలో టమాట రైతులు నర్సరీల నుంచి నారు కొనడం మామూలే కనుక ఇది సెంటు భూమి లేనివారికి కూడా పనికివచ్చే విద్య.

మూడవది బడి గోడ దాటి వ్యవసాయ కళాశాల పొలానికి వెళ్లడం. శ్రీ వేంకటేశ్వర వ్యవసాయ కళాశాల 1961 నుంచి ఈ ఊళ్లోనే ఉంది, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమూ ఇక్కడే ఉంది. నారాయణి, బెట్టను తట్టుకునే ధరణి వంటి వేరుశనగ రకాలు ఇక్కడే పుట్టాయి. వేర్లను ఆశించే నులిపురుగుల వల్ల కాయలు నల్లబడి చిన్నవైపోయే కాళహస్తి తెగులును తట్టుకునే రకాన్ని కూడా ఈ స్థానమే ఇచ్చింది. తమ ఊళ్లో ఇంత పని జరుగుతోందని నగరంలో చదివే పదో తరగతి పిల్లలకు తెలియకపోవడం విచిత్రమే.

బడి క్యాలెండరుతో కుదిరే పంట కూడా వేరుశనగే. జూన్‌లో బడి తెరుస్తారు, జూలైలో విత్తితే అక్టోబరు చివరికో నవంబరుకో కాయ చేతికి వస్తుంది. విత్తిన నెలకు ఒక మొక్కను పీకి, వేరు మీది బుడిపెను బ్లేడుతో కోసి చూస్తే లోపల ఎర్రగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని బాక్టీరియా మొక్కకు అందిస్తున్నదనడానికి ఆ ఎరుపే గుర్తు. మరో పక్షం తర్వాత, పైన పూసిన పువ్వు నుంచి ఊడ (కొనన కాయ కట్టే కాడ) దిగి మట్టిలోకి దూరడం కనిపిస్తుంది. జీవశాస్త్రం పుస్తకంలో బొమ్మగా మిగిలిపోయే సంగతిని పిల్లలు ఇలా వేళ్లతో తడిమి చూస్తారు.

దీనికీ ఖర్చు ఉంది. బస్సు చార్జీలు కావాలి, అనుమతి కావాలి, పక్షానికొక పూట పాఠాలు పోతాయి. పది ఫలితాల ఒత్తిడిలో ఉన్న ఉపాధ్యాయులు ఆ పూటను వదులుకోరు, కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతులతో మొదలుపెట్టడం మంచిది.

ఒక్కదానినే ఎంచుకోవలసి వస్తే నేను కాలేజీ పొలానికే ఓటు వేస్తాను. పొలంతో పాటు అక్కడ పనిచేసే శాస్త్రవేత్తలు, మట్టి పరీక్షల గది, విత్తన గిడ్డంగి కూడా పిల్లల కంట పడతాయి. పది తర్వాత రెండేళ్ల వ్యవసాయ పాలిటెక్నిక్ డిప్లొమా ఉందని, ఇంటర్ బైపీసీ చదివి ఈఏపీసెట్ రాస్తే నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్ చేయవచ్చని, పశువుల వైద్యం వైపు వెళ్లాలంటే ఆ విశ్వవిద్యాలయం సైతం ఇదే ఊళ్లో ఉందని అక్కడికి వెళ్లిన పిల్లలు ఇంట్లో చెప్పగలరు. తల్లిదండ్రుల ప్రశ్నకు ఉపాధ్యాయుడు చెప్పే జవాబు కంటే ఆ మాటకు బరువు ఎక్కువ. నీరూ నీడా ఉన్న బడులు నారు పెంపకాన్ని రెండో మెట్టుగా చేర్చుకోవచ్చు.

అయితే కాలేజీ పొలం అడుగుతూ రాసే లేఖ ఆలస్యం కాకూడదు. బడి తెరిచిన వారంలోనే ప్రధానోపాధ్యాయులు కళాశాల అసోసియేట్ డీన్‌కు రాసి, రెండు మూడు సాళ్లయినా పిల్లల పేరున కేటాయించమని అడగాలి. విత్తే అదను దాటాక అనుమతి వస్తే, ఆ ఏడాది పిల్లలు ఇతరుల పంటను గట్టు మీద నిలబడి చూసి రావడమే అవుతుంది.