లాస్ వేగాస్ స్ట్రిప్: కొత్త హోటళ్లు, వాటి కింద పాత హోటళ్లు

అమెరికాలో ఉండే తెలుగువాళ్ల ఇంటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వేసే ప్లాన్ దాదాపు ఒకటే. గ్రాండ్ కాన్యన్, హూవర్ డ్యామ్, మధ్యలో లాస్ వేగాస్. మేమూ అలాగే చాలాసార్లు వెళ్లొచ్చాం. ఈసారి మాత్రం స్ట్రిప్ కోసమే వెళ్లాం. మా నాన్నగారికి ఏ ఊరు వెళ్లినా "ఇక్కడ ముందు ఏముండేది?" అని అడిగే అలవాటు. ఆ ప్రశ్నకు స్ట్రిప్‌లో ప్రతి వంద గజాలకూ ఒక కథ ఉంది. ఆ కథ తెలిస్తే హోటల్ బిల్లు కూడా అర్థమవుతుంది.

స్ట్రిప్ అంటే లాస్ వేగాస్ బౌలెవార్డ్‌లో కాసినో (జూదశాల) హోటళ్లు వరసగా ఉన్న నాలుగు మైళ్ల పైచిలుకు ముక్క. చిత్రం ఏమిటంటే అందులో చాలా భాగం లాస్ వేగాస్ నగరంలోనే లేదు. పారడైజ్ అనే పేరుతో క్లార్క్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కింద ఉంది. 1950లో నగర మేయరు ఈ హోటళ్లను నగరంలో కలుపుకుని పన్నులు వేద్దామని చూస్తే, యజమానులు కౌంటీ వాళ్లను పట్టుకుని దీన్ని వేరే ఊరుగా ప్రకటింపజేసుకున్నారు. నెవాడాలో జూదం 1931లోనే చట్టబద్ధమైంది. పదేళ్ల తర్వాత, 1941 ఏప్రిల్‌లో, లాస్ ఏంజెలెస్ వెళ్లే హైవే పక్కన థామస్ హల్ అనే ఆయన ఎల్ రాంచో వేగాస్ తెరిచాడు. స్ట్రిప్‌లో మొదటి కాసినో హోటల్ అదే. 1960లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

మేము దక్షిణం వైపు నుంచి నడక మొదలుపెట్టాం. ట్రోపికానా రోడ్డు కలిసే కూడలిలో 1957 నాటి ట్రోపికానా హోటల్ ఉండేది. 2024 ఏప్రిల్‌లో మూశారు, అక్టోబర్ 9 తెల్లవారుజామున డ్రోన్లు, బాణసంచా ప్రదర్శన పెట్టి మరీ కూల్చేశారు. ఇప్పుడక్కడ 2028 సీజన్‌కల్లా అందించాలని బేస్‌బాల్ స్టేడియం కడుతున్నారు. పాదచారుల వంతెన మీద నిలబడి చూద్దామంటే కుదరదు. ఈ వంతెనల మీద ఆగడాన్ని నిషేధిస్తూ కౌంటీ 2024లో నిబంధన తెచ్చింది. కాబట్టి ఫోటోలు కిందే తీసుకోండి.

అక్కడి నుంచి ఉత్తరంగా వెళ్తుంటే ఏది దేని మీద లేచిందో నాన్నగారికి చెబుతూ నడిచాను. దక్షిణం చివర మాండలే బే కింద హసియెండా. బెలాజియో కింద డ్యూన్స్. వెనీషియన్ కింద శాండ్స్. విన్ కింద డెజర్ట్ ఇన్. రిసార్ట్స్ వరల్డ్ కింద స్టార్‌డస్ట్. "అంటే ఒక్కటీ ఉంచలేదా?" అన్నారాయన. పేర్లు కొన్ని ఉంచారు. ఫ్లమింగో 1946 డిసెంబర్ 26న తెరుచుకుంది, ఇప్పటికీ నడుస్తోంది. కానీ అప్పటి కట్టడంలో మిగిలిన చివరి ముక్కను కూడా 1993లో పడగొట్టారు. దాన్ని మొదలుపెట్టిన బిల్లీ విల్కర్సన్ డబ్బు చాలక చేతులెత్తేస్తే, గ్యాంగ్‌స్టర్ బగ్సీ సీగెల్ చేతికి వెళ్లింది. తెరిచిన ఆరు నెలలకే సీగెల్‌ను కాల్చి చంపారు. హోటల్ వెనక తోటలో ఆయన పేరున ఒక ఫలకం ఉంది. ఆ తోటకు టికెట్టు లేదు. ఫ్లమింగో పక్షులు, పెద్ద పెద్ద రంగు చేపలు, తాబేళ్లు, కూర్చోవడానికి నీడ. పెద్దవాళ్లతో వెళ్తే మధ్యాహ్నం ఎండలో ఇక్కడికి వచ్చేయండి. స్ట్రిప్ మీద ఉచితంగా దొరికేవాటిలో నా దృష్టిలో దీనిదే మొదటి స్థానం, బెలాజియో ఫౌంటెన్లు దాని తర్వాత. ఫౌంటెన్లు సాయంత్రం పూట పావుగంటకోసారి ఆడతాయి. ముందు వరుసలో తోసుకోవడం కన్నా ఎదురుగా ఉన్న పారిస్ హోటల్ వైపు నుంచి చూడటమే హాయి. లోపల రిసెప్షన్ పైకప్పుకు డేల్ చిహులి చేసిన గాజు పూలు దాదాపు రెండు వేలు వేలాడుతుంటాయి. అమ్మ మెడ నొప్పి పుట్టేదాకా వాటినే చూసింది.

ఇప్పుడు బస సంగతి. మొదట దిగింది స్ట్రిప్ మధ్యలో, ఒక పెద్ద హోటల్‌లో. పేరు చెప్పను. ఆన్‌లైన్‌లో గది అద్దె చూసి చవక అనుకుంటాం. దాని మీద రిసార్ట్ ఫీజు, పెద్ద హోటళ్లలో రాత్రికి 50 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఆపైన 13 శాతం దాటిన పన్ను. కారు పెడితే పార్కింగ్. చివరికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. 2025 మే నుంచి ఇలాంటి తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే ముందుగా చూపించాలని కేంద్ర ప్రభుత్వ నిబంధన వచ్చింది. అది పెద్ద మేలు. అయినా పార్కింగ్ విడిగానే ఉంటుంది, చూసుకోండి.

ఆ హోటల్‌లో చెక్ ఇన్ లైన్ చాంతాడంత. గదికి వెళ్లాలంటే సిగరెట్ పొగలో, స్లాట్ మెషీన్ల మధ్యనుంచి చాలా దూరం నడవాలి. అమ్మకు దగ్గు ఆగలేదు. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంది. పెరుగు డబ్బా పెడదామని అమ్మ అందులోని రెండు నీళ్ల సీసాలు, ఒక చాక్లెట్టు తీసి టేబుల్ మీద పెట్టింది. ఆ ట్రే కింద సెన్సర్ ఉంటుంది. వస్తువు కాసేపు పైకి లేస్తే కొన్నట్టే లెక్క. తెల్లారి బిల్లులో అవన్నీ ఎక్కాయి. కింద కౌంటర్‌లో గట్టిగా అడిగితే తీసేశారు గానీ, అమ్మ ముఖం చిన్నబోయింది. "నేను తినలేదమ్మా" అని ఆ అమ్మాయికి తెలుగులోనే చెప్పింది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గదిలోకి అడుగుపెట్టగానే ఆ ఫ్రిజ్ సంగతి ముందే చెప్పేయండి. మీ వస్తువులకు వేరే ఫ్రిజ్ కావాలంటే కౌంటర్‌లో అడగండి, కొన్నిచోట్ల అద్దెకిస్తారు.

ఇలా ప్రతిదానికీ డబ్బు గుంజడం మొదటి నుంచీ లేదు. పాత స్ట్రిప్‌లో లెక్క వేరు. ఎల్ రాంచో వేగాస్‌లో అర్ధరాత్రి ఒక డాలర్‌కు ఎంత తింటే అంత బఫే పెట్టేవారు. తిండి మీద నష్టం వచ్చినా జూదంలో రాబట్టుకునేవారు. గదులూ, పాటకచేరీలూ అంతే. 1966లో హోవార్డ్ హ్యూస్ అనే కోటీశ్వరుడు డెజర్ట్ ఇన్ పై అంతస్తుల్లో దిగాడు. పెద్ద జూదగాళ్లకు ఆ గదులు కావాలి, ఖాళీ చెయ్యమంటే, 1967లో హోటల్‌నే కొనేశాడు. తర్వాత మరికొన్ని కాసినోలు కూడా కొన్నాడు. అంతకుముందు కంపెనీకి కాసినో లైసెన్సు కావాలంటే వాటాదారులందరికీ లైసెన్సు ఉండాలి. వేల మంది వాటాదారులున్న కంపెనీకి అది కుదరని పని. 1967, 1969ల్లో ఆ చట్టం మార్చారు. దాంతో మెల్లమెల్లగా మాఫియా పోయి కార్పొరేషన్లు వచ్చాయి.

అసలు మలుపు 1989 నవంబర్‌లో స్టీవ్ విన్ అనే ఆయన తెరిచిన మిరాజ్ హోటల్. 63 కోట్ల డాలర్ల ఖర్చు, ముందు మండే అగ్నిపర్వతం. రోజుకు పది లక్షల డాలర్లు వస్తేనే గట్టెక్కుతుందని అప్పట్లో లెక్కలు కట్టారు. అంత డబ్బు జూదం ఒక్కదాంతో రాదు. గది, భోజనం, షో, షాపింగ్, దేనికదే సంపాదించాలి. మిరాజ్ బాగా నడవడంతో ఎక్స్‌కాలిబర్, లక్సర్, కొత్త ఎంజీఎం గ్రాండ్, బెలాజియో, వెనీషియన్ వరుసగా లేచాయి. ఇప్పుడు స్ట్రిప్ పెద్ద హోటళ్ల ఆదాయంలో జూదం వాటా సగానికన్నా తక్కువ. మనలాంటి జూదం ఆడని కుటుంబాలే వాళ్లకు ఖాతాదారులు. అందుకే ఒకప్పుడు ఉచితమైన పార్కింగ్‌కు 2016లో ఎంజీఎం వాళ్లు రుసుము మొదలుపెట్టారు, మిగతా హోటళ్లు చాలావరకు అదే దారి పట్టాయి. మిరాజ్ కూడా 2024 జులై 17న మూతపడింది. గిటార్ ఆకారంలో కొత్త టవర్ రాబోతోంది, హార్డ్ రాక్ వాళ్లది.

తర్వాత మేము విడారా అనే హోటల్‌కు మారాం. బెలాజియో పక్కనే ఉంటుంది. కాసినో లేదు, పొగ లేదు. లాబీ నుంచి లిఫ్టుకు నాలుగు అడుగులు. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి. అమ్మ ప్యాకెట్ అన్నం వేడి చేసి పెరుగు కలిపి, ఇంటి నుంచి తెచ్చిన మాగాయ నంచుకుంటే అందరికీ ప్రాణం లేచొచ్చింది. అద్దె కాస్త ఎక్కువే. కానీ పెద్దవాళ్లూ, పిల్లలూ ఉంటే ఆ తేడా పెట్టడం న్యాయమే అనిపించింది. కాసినో ఉన్న హోటలే కావాలంటే పార్క్ ఎంజీఎం చూడండి. స్ట్రిప్‌లో పొగ నిషేధించిన కాసినో అదొక్కటే. బయట శాకాహారం దొరకదన్న భయం అక్కర్లేదు. విన్, ఎన్‌కోర్ రెస్టారెంట్లలో వీగన్ మెనూ ఉంటుంది, అడిగితే తెచ్చిస్తారు.

తిరగడానికి రెండున్నాయి. డ్యూస్ అనే డబుల్ డెక్కర్ బస్సు ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, రోజంతా తిరిగే టికెట్టు 10 డాలర్ల లోపే. రాత్రి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటుంది గానీ హోటళ్ల ముందే ఆగుతుంది. మోనోరైలు వేగంగా వెళ్తుంది. అయితే స్టేషన్లన్నీ హోటళ్ల వెనక ఉంటాయి. అక్కడికి చేరాలంటే మళ్లీ కాసినోల గుండా నడకే. విమానాశ్రయానికి వెళ్లదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో బస్సే మేలు.

ఉత్తరం వైపు స్ట్రిప్ బోసిగా ఉంటుంది, కానీ నన్ను ఎక్కువ ఆపింది అదే. 67 అంతస్తుల ఫాంటెన్‌బ్లూ 2007లో మొదలై, 2009లో ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆగిపోయి, ఏళ్ల తరబడి ఖాళీ డబ్బాలా నిలబడి, 2023 డిసెంబర్‌లో తెరుచుకుంది. అది ఉన్నది 1948 నాటి థండర్‌బర్డ్ స్థలంలో. కాస్త కిందికొస్తే ఫ్రాంటియర్ ఉండిన నేల. 1991 సెప్టెంబర్‌లో ఇక్కడ కలినరీ యూనియన్ వాళ్లు సమ్మెకు దిగారు. గదులు ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, వడ్డించేవాళ్లు. ఆరేళ్లు దాటి 1998 దాకా సాగింది. ఒక్కరు కూడా సమ్మె విడిచి పనిలోకి వెళ్లలేదు, యాజమాన్యమే మారింది. హోటల్‌ను 2007లో కూల్చారు. మేము వెళ్లినప్పుడు అక్కడ ఖాళీ నేల, కంచె. ఇంత పెద్ద పోరాటం జరిగిన చోట ఒక బోర్డయినా ఉండాలని నాకు గట్టిగా అనిపించింది. విడారాలో మా గది సర్దడానికి వచ్చిన ఆవిడకు టిప్పు చేతికే ఇచ్చాం. మీరూ ఇవ్వండి. ఇన్ని వేల గదులు నిలబడేది వాళ్ల చేతుల మీదే.

ఈ యాత్రలో ఒక్కటే చూడమంటే నియాన్ మ్యూజియం చూడమంటాను. స్ట్రిప్ దాటి, బౌలెవార్డ్ ఉత్తర భాగంలో ఉంది. కూల్చేసిన హోటళ్ల బోర్డులు చాలావరకు ఇక్కడికి చేర్చారు. లోపలికి వెళ్లే లాబీయే ఒక పాత కట్టడం. 1961 నాటి లా కోంచా మోటెల్‌ది, పాల్ రెవెరె విలియమ్స్ అనే నల్లజాతి ఆర్కిటెక్టు గీసిన గవ్వ ఆకారం. ముక్కలుగా కోసి తెచ్చి మళ్లీ అతికించారు. స్టార్‌డస్ట్ అక్షరాలు దగ్గర నుంచి చూస్తే మనిషిని మించిన ఎత్తు. రంగు పెచ్చులూడి, బల్బులు పోయిన గుంటలు వరసగా కనిపిస్తాయి. నాన్నగారు వాటిని లెక్కపెట్టబోయి మానేశారు.

ఇంకా ముందుకెళ్తే గులాబీ రంగులో గొలుసు రాత అక్షరాలు, మౌలిన్ రూజ్. ఊరి మొదట్లో 'వెల్కమ్ టు ఫ్యాబులస్ లాస్ వేగాస్' బోర్డు ఉంది చూడండి, 1959లో దాన్ని గీసిన బెట్టీ విల్లిసే ఇదీ గీసింది. 1950ల్లో శామీ డేవిస్ జూనియర్, నాట్ కింగ్ కోల్ వంటి నల్లజాతి గాయకులు స్ట్రిప్ హోటళ్లలో పాడి జనాన్ని ఊపేసేవారు. అదే హోటల్‌లో గది ఇచ్చేవారు కాదు. పాట అయ్యాక రైలు పట్టాల అవతల నల్లజాతివాళ్లు ఉండే వెస్ట్‌సైడ్‌కు పోవాల్సిందే. 1955 మేలో అక్కడ అన్ని జాతులవాళ్లకూ తలుపు తెరిచిన కాసినో మౌలిన్ రూజ్. నెలల్లోనే మూతపడింది. 1960 మార్చిలో నల్లజాతి నాయకులు స్ట్రిప్ మీద ఊరేగింపు తీస్తామని హెచ్చరిస్తే, హోటళ్ల వాళ్లు అదే మౌలిన్ రూజ్‌లో కూర్చుని వివక్ష ఎత్తేయడానికి ఒప్పుకున్నారు. ఇవాళ మనం ఏ హోటల్‌లోనైనా దర్జాగా గది అడుగుతున్నామంటే ఈ ఊళ్లో దాని వెనక ఈ పోరాటం ఉంది. ఈ మ్యూజియానికి సాయంత్రం టికెట్టు, గైడ్‌తో ఉన్నదే తీసుకోండి. ధర ఎక్కువైనా దీపాలు పడ్డాకే బోర్డుల అందం. ముందే బుక్ చేసుకోవాలి.

మాబ్ మ్యూజియం కూడా బాగుంది. 1950లో మాఫియా మీద సెనేట్ విచారణ జరిగిన కోర్టు భవనంలోనే పెట్టారు. చదవాల్సింది ఎక్కువ, పిల్లలకు విసుగు.

జనవరిలో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, నవంబర్‌లో కార్ల రేసు ఉన్న వారాల్లో వెళ్లకండి, అద్దెలు ఆకాశంలో ఉంటాయి. ఆదివారం రాత్రి నుంచి గురువారం దాకా చవక. 1941 నాటి గోడల మధ్య పడుకోవాలని ఉంటే స్ట్రిప్ వదిలి డౌన్‌టౌన్‌లో ఎల్ కోర్టెజ్‌కు వెళ్లండి, ఇప్పటికీ నడుస్తోంది. 21 ఏళ్లు నిండినవాళ్లనే రానిస్తారు. పాత భాగంలో గదులకు మెట్లే, లిఫ్ట్ లేదు. పెద్దవాళ్లుంటే టవర్‌లో గది అడగండి.