ఆడాసిటీ బాగానే ఉంది, గదే బాగాలేదు

చూపు తగ్గాక మా నాన్నగారు పుస్తకాలు చదివి పంపమన్నారు. పాత లాప్‌టాప్‌కి మామూలు యూఎస్‌బీ మైకు తగిలించి, గొంతు రికార్డు చేసి సరిదిద్దుకునే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. ఆరు నెలలుగా వాడుతున్నాను. 2000లో మొదటిసారి విడుదలైనప్పటి నుంచీ ఇది ఉచితమే.

చూడ్డానికి పాతకాలపు ముఖం, బెదరకండి. ఎర్ర బటన్ నొక్కితే రికార్డవుతుంది. తప్పు చదివిన ముక్కని మౌస్‌తో పట్టుకుని డిలీట్ కొడితే పోతుంది. నేనైతే తప్పు చదవగానే ఒకసారి చప్పట్లు కొడతాను. తర్వాత చూస్తే వేవ్‌ఫామ్‌లో, అంటే తెర మీద శబ్దాన్ని చూపే బొమ్మలో, అక్కడొక గీత నిటారుగా లేచి ఉంటుంది, వెతుక్కునే పని లేదు.

వెనక హోరు తగ్గించే నాయిస్ రిడక్షన్ దగ్గర మాత్రం బోల్తా పడ్డాను. ఏమీ మాట్లాడని రెండు మూడు సెకన్లు ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ తీసుకోమంటే, ఆ హోరు ఎలా ఉంటుందో అది నేర్చుకుంటుంది. తర్వాత మొత్తం రికార్డింగ్‌లోంచి దాన్ని తగ్గిస్తుంది. మొదట 12 డెసిబెల్స్ చూపిస్తే, ఎక్కువైతే ఇంకా మంచిదేగా అని 30కి లాగాను. అది విని నాన్నగారు ఫోన్ చేసి, "గొంతు నీదేనా అమ్మా? బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అన్నారు. ఇప్పుడు ముందే ఫ్యాన్ ఆపేసి, 6 లేదా 8తో సరిపెడుతున్నాను.

ఫ్యాన్ హోరు ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి దొరుకుతుంది. గది ప్రతిధ్వని అలా దొరకదు, అది మన గొంతే కదా! నా గదిలో అన్నీ బోడి గోడలు. దుప్పటిని మైకు వెనక కట్టి చూశాను, పెద్ద తేడా లేదు. నా వీపు వెనక బొంత వేలాడదీస్తే అసలు తేడా తెలిసింది. మైకు చూసేది నా వైపు కదా, నా వెనక గోడకి తగిలి వచ్చే శబ్దమే దాని నోట్లో పడుతోంది. నోటికి మైకు జానెడు దూరం, గొంతు ఎంత గట్టిగా పడుతోందో చూపే మీటరు -12, -6 డెసిబెల్స్ మధ్య ఉంచుతాను. మరీ గట్టిగా పడి, మీటరు చివర ఎర్రగీత తగిలి పగిలిపోయిన మాటని ఏ ఎఫెక్టూ పూర్తిగా బాగుచెయ్యలేదు.

లోపాలున్నాయి. కీబోర్డు మీద ట్యూన్లు కట్టేవాళ్లకి ఇది సరిపోదు, వాళ్లు ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అనే ట్యూన్లు కట్టే సాఫ్ట్‌వేర్ చూసుకోవాలి. పాత ట్రాక్ వింటూ దాని మీద పాడితే గొంతు కాస్త వెనకబడొచ్చు, ఆ ఆలస్యాన్ని సరిచేసే లేటెన్సీ సెట్టింగ్‌ని ఓపిగ్గా సరిచేసుకోవాలి. ఇంకొకటి, సేవ్ చేస్తే వచ్చేది ఆడాసిటీలో తెరుచుకునే ప్రాజెక్టు ఫైలే (ఏయూపీ3). ఎంపీ3 కావాలంటే ఎక్స్‌పోర్ట్ చెయ్యాలి. ఇది తెలియక మొదటి అధ్యాయాన్ని ఏయూపీ3గానే పంపాను. నాన్నగారు రోజంతా దాన్ని తెరవాలని చూశారు, పాపం.

మైకు ఇప్పటికీ అదే. బొంత మాత్రం ఇంట్లో ఎవరికీ కప్పుకోవడానికి ఇవ్వడం లేదు.