ఆదివారం కార్ల కోసం వాగు గట్టుకు తారు వేయాలా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాటి గండిపేట చెరువు దిక్కుగా పోతే మేం వారం వారం నడకకు వెళ్లే ఫారెస్ట్ పార్కు ఉంది. పేరు రాయను. ఈ గొడవ దానొక్కదానిదే కాదు, హైదరాబాద్ చుట్టూ అడవి ముక్క మిగిలిన ప్రతి చోటా ఉన్నదే. ఆదివారం పొద్దున ఏడున్నర దాటిందంటే గేటు ముందు కారు పెట్టడానికి జాగా దొరకదు. కొందరు రోడ్డు వారన రెండు చక్రాలు మట్టిలోకి దించి ఆపుతారు. మిగిలినవాళ్లు పక్కదారి పట్టుకుని వాగు గట్టు దాకా పోతారు. అక్కడ కానుగ చెట్ల నీడ ఉంది, తిరిగొచ్చేసరికి సీటు కాలదు. ఒకప్పుడు అక్కడ ఈత పొదలు, తుంగ ఉండేవి. టైర్లు తొక్కీ తొక్కీ ఇప్పుడు ఆ నేల గచ్చులా బిగుసుకుపోయింది.

నడక అయ్యాక చాయ్ దగ్గర నాలుగు వారాలుగా ఇదే చర్చ. ఆ గట్టును చదును చేసి ఒక ఎకరం మేర తారు వేయిస్తే పీడ విరగడవుతుందని ఒకాయన వాదన. తారు వద్దు, నీళ్లు ఇంకే టైల్స్ వేయాలంటారు ఇంకొకరు. అసలు కార్లను గేటు దాకా రానివ్వొద్దు, కిలోమీటరు అవతల ఆపించి బ్యాటరీ బండి నడపాలంటుంది మూడో పక్షం. మల్టీలెవెల్ పార్కింగ్ కట్టించమన్న మహానుభావుడూ ఉన్నాడు. కేబీఆర్ పార్కు లాంటి చోట, చుట్టూ ఊరే ఉన్న చోట, అది ఆలోచించదగ్గదేమో. అడవి అంచున నాలుగంతస్తుల ఇనుప చట్రం నిలబెట్టి, దాని కింద నుంచి నెమళ్లను చూడటానికి పోవడం నాకైతే నవ్వొచ్చింది.

ఏమీ చేయకుండా ఇలాగే వదిలేస్తే పోలేదా అని మీరు అడగొచ్చు. మట్టి నేలే కదా, ప్రకృతికి దగ్గరగానే ఉంది కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. కిందటేడు తొలకరికి గొడుగు వేసుకుని అక్కడే నిలబడి చూశాక ఆ భ్రమ పోయింది. బండ్లు నలిపిన మొరం పైన పిండిలా ఉంటుంది, కింద రాయిలా ఉంటుంది. వాన పడగానే కింది పొర నీళ్లు తాగదు, పై పిండంతా కొట్టుకుపోతుంది. అరగంటలో వాగు నీళ్లు ఎర్రగా, చిక్కగా మారిపోయాయి. ఆ మట్టి పోయి పోయి కింద కుంటల్లో మేట వేస్తుంది. పైగా చెట్టు మొదట్లో కారు ఆపితే వేళ్ల మీద నేల గట్టిపడి గాలి, నీరు అందవు. కానుగ మొండి చెట్టు కాబట్టి ఇన్నాళ్లు ఓర్చుకుంది. కాబట్టి ఇప్పుడున్న పద్ధతి పోవాల్సిందే. దాని స్థానంలో ఏం రావాలన్నదే ప్రశ్న.

తారుకు ఉన్న సుగుణాలు ముందు ఒప్పుకుందాం. తొందరగా అయిపోతుంది, చవక, గీతలు గీస్తే కార్లు బుద్ధిగా నిలబడతాయి. తిరిగే దారి కూడా లెక్కేసుకుంటే ఎకరానికి 130 నుంచి 150 కార్లు పడతాయి. చక్రాల కుర్చీ సాఫీగా పోతుంది, దుమ్ము లేవదు. గుత్తేదారుకు పని తెలుసు, కొత్తగా నేర్పక్కర్లేదు.

ఇప్పుడు నీళ్ల లెక్క చూడండి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాని మీద 5 సెంటీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్ల నీళ్లు. మన భాషలో చెప్పాలంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై. వేసవిలో ఒక్క ట్యాంకరు కోసం ఎన్ని ఫోన్లు చేస్తామో తెలిసినవాళ్లకు ఇరవై అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తారు మీద పడ్డ ఆ నీళ్లు దాదాపు అన్నీ, ఇంకకుండా, ఆగకుండా, ఒకేసారి వాగులోకి దూకుతాయి. గట్టు కోసుకుపోతుంది, అడుగు లోతవుతుంది. వాన వెలిసిన మర్నాటికే వాగు ఎండుతుంది. అవే నీళ్లు పొదలున్న నేలలో పడితే చాలా భాగం ఇంకి, మెల్లగా ఊటలా రోజుల తరబడి దిగుతాయి. వాన వెలిశాక కూడా వాగు పారుతోందంటే దాని వెనక ఉన్నది ఆ ఊటే.

నీళ్లు ఒక్కటే పోతే సగం బాధే. వేసవి మూడు నెలలు తారు మీద కారిన ఇంజిన్ ఆయిలు, బ్రేకు పొడి, అరిగిన టైరు రబ్బరు అన్నీ తొలి వానకు ఒక్క ఊపున కడుక్కుపోతాయి. అమెరికాలో సియాటిల్ వైపు వాగుల్లో వాన పడ్డప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోయేవి. ఎందుకో ఏళ్ల తరబడి అంతుపట్టలేదు. టైర్లు పగుళ్లివ్వకుండా కలిపే ఒక రసాయనం గాలి తగిలి మారిన రూపమే కారణమని 2020లో తేల్చారు. ప్రతి చేపకూ అది అంత విషం కాదు, మన జెల్లలకూ పరిగెలకూ అదే జరుగుతుందని నేను అనను. కానీ టైరు పొడి ఉత్త దుమ్మే కదా అని తీసిపారేయలేమని మాత్రం అర్థమైంది.

మా వాగు చివరికి కలిసేది గండిపేటలో. 1908 మూసీ వరద ఊరిని ముంచాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన చెరువు అది, 1920లో పూర్తయింది. వరదను ఆపడానికి కట్టినా, తరతరాలు నగరానికి తాగునీరిచ్చింది. దాన్నీ దాని జంట చెరువు హిమాయత్ సాగర్‌నూ కాపాడటానికే, చుట్టుపక్కల కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 అనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. దాని చుట్టూ తర్వాత నడిచిన రాజకీయం ఇక్కడ వద్దు, చాయ్ చల్లారిపోతుంది.

తారు పక్షం వాళ్లు రూలు కూడా చూపిస్తున్నారు. 2012 నాటి జీవో 168 భవన నిబంధనల ప్రకారం 10 మీటర్ల కన్నా వెడల్పైన వాగుకైతే దాని అంచు నుంచి 9 మీటర్లు, అంతకన్నా సన్నదానికైతే 2 మీటర్లు ఏమీ కట్టకుండా వదలాలి. మాది సన్న వాగే, 2 మీటర్లు వదిలితే చాలు కదా అంటారు. రెండు మీటర్లంటే ఎంత? చిన్న కారు పొడుగులో సగం కొంచెం దాటుతుంది. అది ఇరుకు ఊళ్లో నాలా పక్క ఇల్లు కట్టుకునేవాడి కోసం రాసిన కనీసపు గీత. అడవిలో, ఖాళీ జాగా ఉన్న చోట కూడా ఆ గీత మీదే వెళ్లి నిలబడాలన్న పంతం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక నీళ్లు ఇంకే టైల్స్. వినడానికి రెండు పక్షాలకూ నచ్చే మధ్యే మార్గం. నాకూ నచ్చింది, కొంత తిరిగి చూసేదాకా. చిక్కెక్కడంటే, మన దగ్గర పేవర్ బ్లాకులు వేశారంటేనే నీళ్లు ఇంకుతాయని జనం అనుకుంటారు. మా కాలనీ రోడ్డుకు వేసినవి చూడండి: కింద కాంక్రీటు పరుపు, సందుల్లో రాతి పొడి. అది చూపుకే టైల్స్, పనికి తారే. నిజంగా ఇంకాలంటే బ్లాకుల మధ్య సందులు వెడల్పుగా వదిలి చిన్న రాతి చిప్స్ నింపాలి, కింద పొడి లేని 20, 40 ఎంఎం కంకర పొరలు పరచాలి. కంకర రాళ్ల మధ్య దాదాపు 40 శాతం ఖాళీ ఉంటుంది. అంటే చదునుగా ఉన్న చోట అడుగు మందం పొర 12 సెంటీమీటర్ల వానను కడుపులో పెట్టుకుంటుంది. మన గట్టి వానలకు కూడా అది చాలా మటుకు చాలు. సరిగ్గా వేశారో లేదో చూడటానికి ఇంజనీరు అక్కర్లేదు. బకెట్ నీళ్లు కుమ్మరించండి, మడుగు కడితే మోసం.

మరి మన నేల? హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ మీద. మా పార్కులోనే చాలా చోట్ల గడ్డపార వేస్తే రెండడుగులకు రాయి ఠంగుమంటుంది. కాబట్టి నీళ్లు పాతాళానికి దిగుతాయని ఆశపడొద్దు, రాయి తగిలి పక్కకు పాకుతాయి. అయినా నష్టం లేదు. కంకరలో వడకట్టుకుని, నిదానంగా వాగుకు చేరితే మనకు కావలసిందీ అదే. ఏటవాలు ఎక్కువైతే మాత్రం నీళ్లు కంకరలో నిలవవు, అన్నీ దిగువ మూలకు చేరి పొంగుతాయి. మా గట్టు ఏటవాలే.

అసలు గుబులు దుమ్ముతో. టైర్లకు అంటుకొచ్చిన మొరం, చెట్ల నుంచి రాలిన ఆకు పొడి ఆ సందుల్లో పేరుకుంటాయి. ఏడాదికోసారైనా యంత్రంతో పీల్చి శుభ్రం చేయకపోతే మూడు నాలుగేళ్లలో మూసుకుపోతాయి. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించేవాళ్లు దొరుకుతారు, మూడో ఏడు సందులు ఊడ్చేవాళ్లు దొరకరు. మధ్య ఖాళీల్లో గడ్డి పెంచే పేవర్లయితే మరీను, ఏప్రిల్‌కి ఆ గడ్డి గోనెసంచి రంగుకు వస్తుంది.

మూడోది, దూరంగా ఆపి బ్యాటరీ బండి. దీని మీద నాకు మొదట చిరాకే. నడవడానికి వచ్చే పార్కుకు బండెక్కి పోవడమేంటి? మా అత్తయ్యకు మోకాళ్లు నొప్పులు, బండి కోసం ఎండలో నిలబడమంటే ఆమె ఇక రాదు. పసిపిల్లల తల్లులకూ కష్టమే. బండి సమయానికి రాకపోతే జనం నెల తిరక్కుండా మళ్లీ గట్టు మీదికే ఎక్కుతారు. బ్యాటరీ పాడైతే ఎవరు బాగు చేయిస్తారన్నది ఇంకో తలనొప్పి.

నా మనసు మార్చింది గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన. తారు వేస్తే మంచిదా అని అడిగితే ఆయన నవ్వి, "గింత లొల్లి ఆదివారం ఏడు నుంచి పది దాకనే గద సార్. మంగళారం వచ్చి చూడుండ్రి, గాడ కుక్కలు పండుకుంటయి" అన్నాడు. మంగళవారం వెళ్లి చూశాను. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, కుక్కలు మూడు.

అంతే, నాకు లెక్క తిరగబడింది. మేం నాలుగు వారాలుగా వాదిస్తున్నది వారానికి మూడు గంటల రద్దీ గురించి. దాని కోసం ఎకరం నేలను ఏడాది పొడుగునా కప్పి పెట్టాలా అన్నది అసలు మాట. గేటు దగ్గర శాశ్వతంగా ఉండాల్సిన పార్కింగు మంగళవారానికి సరిపోయేంతే ఉండాలి. ఆదివారం పొంగును ఇంకో చోటికి మళ్లించాలి. ఆ ఇంకో చోటు కొత్తగా కట్టక్కర్లేదు కూడా. మాకు కిలోమీటరు లోపే ఆదివారం మూసి ఉండే బడి మైదానం ఒకటుంది. ఫీజు వసూలు చేసి అందులో కొంత బడికిస్తే వాళ్లూ కాదనరనుకుంటాను.

కాబట్టి నా ఓటు మూడోదానికి, రెండోదాన్ని చిటికెడు కలిపి. గేటుకు ఎగువన, వాగుకు దూరంగా, చదునైన చోట ముప్పై కార్లకు మాత్రం నిజమైన ఇంకే టైల్స్. అంత చిన్న జాగా అయితే చీపురుతోనైనా శుభ్రంగా ఉంచుకోవచ్చు. అందులో పది పెద్దవాళ్లకూ వికలాంగులకూ చంటిపిల్లల వాళ్లకూ, ఆదివారమైనా సరే. దిగువ అంచున కందకం తవ్వి తుంగ, వట్టివేరు నాటితే ఆయిలు, మట్టి అక్కడే చిక్కుకుంటాయి. బైకులకు వేరే చోటివ్వాలి: ఒక కారు పట్టే జాగాలో ఐదారు బైకులు పడతాయి, బైకు మీద వచ్చినవాణ్ని బడి దాకా పంపడం అన్యాయం. బ్యాటరీ బండి ఆదివారం పొద్దున మాత్రమే, అదీ నడవలేనివాళ్ల కోసం. మిగతావాళ్లకు ఆ కిలోమీటరు నడకలో భాగమే అనుకుంటే సరి. ఎలాగూ వాచీలో అడుగులు లెక్కపెట్టుకునేవాళ్లమేగా.

ఇంకొకటి కూడా ఉంది, చర్చలో ఎవరూ ఎత్తనిది. కార్లు ఎక్కడ ఆగితే చాయ్ బండి అక్కడికొస్తుంది, వెనకే మిర్చిబజ్జీ, దాని వెనక కాగితం ప్లేట్లు. కార్లు కడిగే కుర్రాళ్లు బకెట్ ముంచేదీ ఆ వాగులోనే. పార్కింగు బడి దగ్గరికి మారితే ఈ మందంతా దానితోపాటే జరుగుతుంది. మా చాయ్ ఆయన్ను అడిగాను. జనం ఏడుంటే తానూ ఆడ్నే అన్నాడు.

గట్టును మాత్రం అలా వదిలేస్తే సరిపోదు. నలిగిన నేలను గడ్డపారతో పొడిచి వదులు చేయాలి, వానలకు ముందే ఈత, కానుగ, నేరేడు మొక్కలు పెట్టాలి. దారి మొదట్లో రెండు పెద్ద బండరాళ్లు దొర్లించాలి. బోర్డు పెడితే దాని కిందే కారు ఆపే ఊరు మనది. బండరాళ్లకు కొదవ లేదు కూడా.