బీడేల్ వ్యాక్స్ జాకెట్: ఏళ్ళ తరబడి వాడాక

వ్యాక్స్ జాకెట్ (నీళ్ళు దూరకుండా మైనం పట్టించిన నూలు బట్ట జాకెట్) కొన్నవాళ్ళందరూ ముందు అడిగేది ఏడాదికి ఎన్నిసార్లు వ్యాక్స్ పెట్టాలి అని. నన్నడిగితే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంట్లో దాన్ని ఎక్కడ తగిలిస్తారు అనేది. నేను చూసినంతలో ఈ జాకెట్లు వానకి పాడైనవి చాలా తక్కువ, బీరువాలో పాడైనవే ఎక్కువ.

నేనుండేది ఇంగ్లాండులో న్యూకాసిల్ దగ్గర. నాది బార్బర్ కంపెనీ బీడేల్, ఆలివ్ రంగు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నా ఎందుకంటే కొత్తది రెండొందల పౌండ్ల పైమాటే, అంత పెట్టడానికి అప్పట్లో మనసొప్పలేదు. ఈ కంపెనీది కూడా మా పక్కూరే, మెట్రో ఎక్కితే సౌత్ షీల్డ్స్. 1894లో జాన్ బార్బర్ అనే ఆయన అక్కడ ఓడల్లో, రేవులో పనిచేసేవాళ్ళకి ఆయిల్ పట్టించిన బట్టలు అమ్మడంతో మొదలైంది. బీడేల్ మాత్రం 1980లో వచ్చింది, గుర్రపు స్వారీ చేసేవాళ్ళ కోసం, అందుకే పొట్టిగా ఉంటుంది, వెనక రెండు చీలికలు, వాటికి ప్రెస్ బటన్లు. మనకి గుర్రం ఎక్కడిది గానీ మెట్రో సీట్లో కూర్చునేటప్పుడు ఆ బటన్లు తీస్తే జాకెట్ పొట్ట దగ్గర పట్టెయ్యకుండా ఉంటుంది. చేతి చివర లోపల అల్లిక కఫ్ ఉంటుంది, గాలి దూరదు. పైన ఉండే జేబుల్లో మెత్తటి గుడ్డ వేస్తారు, జనవరిలో టైన్‌మత్ బీచ్‌లో నడిచేటప్పుడు చేతులు అందులోనే ఉంటాయి.

ముందే ఒకటి చెప్పేస్తా, ఇది రెయిన్‌కోట్ కాదు. కుట్ల మీద లోపల టేప్ ఉండదు. మా వైపు పడే తుంపర, సముద్రం మీంచి వచ్చే పొగమంచు (ఇక్కడ సీ ఫ్రెట్ అంటారు), ఆ చలిగాలి, వీటికి దీన్ని మించింది లేదు. అదే లేక్ డిస్ట్రిక్ట్ వెళ్ళి పొద్దంతా జడివానలో కొండ ఎక్కితే మాత్రం ముందు భుజాల దగ్గర, తర్వాత జిప్ పక్కన తడి తెలుస్తుంది, పైగా లోపలి చెమట బయటికి సరిగా పోదు కాబట్టి ఎక్కేటప్పుడు చొక్కా తడిసిపోతుంది. అలాంటి రోజు మామూలు గోర్‌టెక్స్ (చెమటని బయటికి పంపే వాటర్‌ప్రూఫ్ బట్ట) జాకెట్ వేసుకెళ్ళడమే మంచిది.

ఇక వ్యాక్స్ సంగతి. ఏడాదికి కనీసం ఒకసారి పెట్టమని కంపెనీ చెప్తుంది. నేను మాత్రం క్యాలెండర్ చూసి పెట్టను, నీళ్ళు చల్లి చూస్తా. నీళ్ళు బొట్లు బొట్లుగా జారిపోతే బానే ఉన్నట్టు, బట్ట ముదురు రంగుకి మారి నీళ్ళు తాగేస్తే అక్కడ అయిపోయినట్టు. ఎక్కువగా అయిపోయేది మోచేతి మడతలు, బ్యాగు పట్టీ రాసుకునే భుజం, జేబు మూతల అంచులు, కూర్చున్నప్పుడు నలిగే వెనక భాగం. చాలాసార్లు ఆ నాలుగు చోట్ల పెడితే సరిపోతుంది, జాకెట్ మొత్తానికి పట్టించక్కర్లేదు.

చలికాలంలో మోచేతి దగ్గర తెల్లగా గీతలు పడతాయి, అది చూసి వ్యాక్స్ మొత్తం పోయిందని కంగారు పడతారు చాలామంది, పోదు, చలికి గట్టిపడి మడత దగ్గర పగులుతుందంతే. హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టి బొటనవేలితో రుద్దండి, కళ్ళ ముందే గీత కరిగి మళ్ళీ ఆలివ్ రంగులో కలిసిపోతుంది. ఈ ఒక్క పనితో చాలామందికి ఒక వ్యాక్స్ డబ్బా ఖర్చు తప్పుతుంది.

నిజంగా పెట్టాల్సి వస్తే ఎండ ఉన్న పొడి రోజు చూసుకోండి. ఎండిన బురదని బ్రష్‌తో దులిపి, చన్నీళ్ళలో ముంచిన స్పాంజితో తుడవాలి, సబ్బు వద్దు, వేణ్ణీళ్ళు వద్దు, వాషింగ్ మెషీన్ జోలికైతే అస్సలు పోవద్దు. పూర్తిగా ఆరనివ్వాలి, తడి ఉంటే వ్యాక్స్ లోపలికి పట్టదు. 200 మిల్లీలీటర్ల డబ్బా వస్తుంది, థార్న్‌ప్రూఫ్ డ్రెస్సింగ్ అని, మూత తీసి వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెడితే కాసేపటికి నూనెలా అవుతుంది. గిన్నె మాత్రం వంటకి పనికిరాని పాతది తీసుకోండి, ఇంట్లో గొడవ ఎందుకు. కింద పాత పేపర్లు పరిచి, కొంచెం కొంచెంగా పాత గుడ్డతో రుద్దుకుంటూ పోవడమే, చల్లారితే డబ్బా మళ్ళీ వేణ్ణీళ్ళలో పెట్టాలి. కుట్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి, నీళ్ళు దూరేది సూది బొక్కల్లోంచే. కార్డురాయ్ కాలర్‌కి, లోపలి గళ్ళ లైనింగ్‌కి, జేబుల లోపలికి తగలనివ్వకండి, తగిలితే ఆ మరక పోదు. చివర్లో డ్రయ్యర్‌తో మొత్తం వేడి చేస్తే పైన తెల్లగా పేరుకున్నది లోపలికి ఇంకిపోతుంది, మిగిలింది పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఆ రాత్రంతా వెచ్చటి గదిలో మిగతా బట్టలకి దూరంగా తగిలించాలి. గదిని వేడిచేసే రేడియేటర్ మీద మాత్రం వెయ్యకండి.

ఒకసారి ఓపిక లేక ఓ షాపులో ఇచ్చా, పేరు వద్దులెండి, ఆముదం పట్టించిన తలలాగా తిరిగొచ్చింది. ముట్టుకుంటే చేతికి అంటుకోవడం, మా ఆవిడ కారు సీట్లో కూర్చోనివ్వకపోవడం. చివరికి డ్రయ్యర్ పట్టుకుని పాత టవల్‌తో అద్దుకుంటూ ఎక్కువైందంతా నేనే లాగాల్సి వచ్చింది. బాగా పట్టిన జాకెట్‌కి కూడా కొంచెం మరక అంటించే గుణం ఉంటుంది, లేత రంగు సోఫాలు, కారు సీట్లు ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. వాసన కూడా ఉంటుంది, నాకు అలవాటైపోయింది, ఇంట్లోవాళ్ళకి అవ్వలేదు.

ఇప్పుడు బీరువా విషయం. ఇక్కడ మాతో పనిచేసిన ఒకతను వైజాగ్ తిరిగెళ్ళిపోయాడు, తన జాకెట్‌ని శుభ్రంగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కలరా ఉండలు వేసి, బీరువాలో దాచాడు. ఒక్క వర్షాకాలం గడిచాక తీస్తే లైనింగ్ నిండా బూజు, కాలర్ మీద తెల్లటి చారలు. ఫోన్ చేసి ఏం చెయ్యాలన్నాడు. బయట ఎండలో బ్రష్‌తో దులిపి, నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిచి, గాలికి ఆరబెట్టమన్నా, బూజు పోయింది గానీ కలరా ఉండల వాసన ఇంకా పోలేదట. ఆ తర్వాత తనకి ఎవరో డ్రై క్లీనింగ్‌కి ఇమ్మని సలహా ఇచ్చారంట, ఆ మాట వినగానే వద్దని గట్టిగా చెప్పా, ఆ కెమికల్స్‌కి వ్యాక్స్ మొత్తం ఊడొస్తుంది, చేతికి ఉత్త నూలు కోటు మిగులుతుంది.

కాబట్టి వెడల్పాటి హ్యాంగర్‌కి వేసి గాలాడే చోట పెట్టండి, కవర్ వద్దు, తడిగా ఉంటే ఎంత అర్జెంట్ అయినా బీరువాలోకి తొయ్యొద్దు. నాది గుమ్మం పక్క కొక్కేనికే ఏడాదంతా వేలాడుతుంది.

ఇండియాకి ఒకటి తెచ్చిపెడతారా అని మావాళ్ళు అడుగుతుంటారు. హైదరాబాద్‌లో ఎప్పుడు వేసుకుంటారండీ? డిసెంబర్‌లో తెల్లవారుజామున ఓ గంట. లంబసింగి, అరకు వెళ్ళే రెండు రోజుల కోసం ఇంత బరువూ ఇంత సేవా దండగ. బుల్లెట్ నడిపేవాళ్ళు కూడా స్టైల్‌గా ఉందని అడుగుతారు, నిజమే, ఇదే కంపెనీ 1936లో బైక్ పోటీల కోసమే ఇంటర్నేషనల్ అనే మోడల్ చేసింది, కానీ మామూలు వ్యాక్స్ జాకెట్లో మోచేతికి, భుజానికి ప్యాడ్లు ఉండవు, దీన్ని రైడింగ్ జాకెట్ అనుకోవద్దు.

సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్ళు ఫొటోలో రంగు చూసి మోసపోకండి, రంగు వెలిసినా వ్యాక్స్‌తో చాలావరకు తిరిగొస్తుంది. అడగాల్సినవి మూడు, కఫ్‌ల అంచు అరిగిందా, జేబు మూల చిరిగిందా, లైనింగ్ వాసనొస్తుందా. చిరుగులకి అతుకు వేయించొచ్చు గానీ మామూలు టైలర్లు ఒప్పుకోరు, మెషీన్ సూదికి వ్యాక్స్ అంటుకుంటుందని, సౌత్ షీల్డ్స్ ఫ్యాక్టరీకే పంపితే చేస్తారు. సైజు మాత్రం లోపల మందపాటి స్వెటర్ వేసుకుని చూసి తీసుకోండి, టోపీ విడిగా కొనాలి.