గేటు నుంచి పోర్టికో దాకా కంకర దారి: నాలుగేళ్ల వాడకం తర్వాత

గుంటూరు గోరంట్లలో మా ఇంటి గేటు నుంచి పోర్టికో వరకు దారి 60 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. 2021లో సిమెంటు వద్దనుకుని కంకర పోయించాం. వాన నీళ్లు వీధిలోకి పోకుండా మా ఇంకుడు గుంతలోకే దిగాలని మా కోరిక. అది తీరింది. 2024 సెప్టెంబరు మొదట్లో అంత వాన కురిసినా, తెరిపి ఇచ్చాక దారి మీద నీళ్లు నిలవలేదు.

అయితే మొదటిసారి తప్పు చేశాం. నల్లరేగడి మీద నేరుగా రాయి పోయించాం. రాయి మట్టిలో కలవకుండా అడుగున పరిచే గుడ్డ దండగ అన్నాడు మేస్త్రి. ఒక్క వానాకాలానికే చక్రాలు నడిచే చోట రెండు గాడులు పడి, సగం కంకర మట్టిలో కలిసిపోయింది. నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వట్టి రాయి ఆగదు. 2022 వేసవిలో అంతా తీయించి, జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ఆరంగుళాల గ్రావెల్ పోసి రోలర్‌తో తొక్కించాం. పైన 20 ఎంఎం కంకర మూడంగుళాలు. అంటే 150 ఘనపుటడుగులు; వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి యూనిటున్నర. పేరేచర్ల వైపు క్రషర్ నుంచి తెప్పించాం. గుండ్రటి గులకరాళ్లు చూడ్డానికి బాగుంటాయి కానీ చక్రం కింద జారిపోతాయి. కొట్టిన కంకర అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

అసలు పని ఆకులతోనే. దారికి ఒక పక్క బాదం చెట్టు, ఇంకో పక్క వేప. బాదం ఆకు పెద్దది, పైపైనే ఉంటుంది, చేత్తో ఏరినా అయిపోతుంది. వేప అలా కాదు. ఫిబ్రవరి, మార్చిలో రాలే చిన్న ఆకులు రాళ్ల సందుల్లోకి జారిపోతాయి. తర్వాత పూత, ఎండలు ముదిరాక పండ్లు. వదిలేస్తే అక్కడే కుళ్లి మట్టవుతుంది, ఆ మట్టిలో గరిక, తుంగ మొలుస్తాయి. గుడ్డ ఉంది కదా, కలుపు ఎక్కడిది అనుకునేదాన్ని. గుడ్డ పైన పోగయిన ఆకుమట్టే దానికి మడి!

చీపురు పనికిరాదు, ఆకుతో పాటు రాయీ వస్తుంది. ప్లాస్టిక్ పళ్ల రేక్‌ను ఆనీ ఆనకుండా లాగితే బాదం ఆకులకు చాలు. వేపకు మాత్రం గాలితో ఆకుల్ని ఊదే బ్లోయరే. మూడేళ్ల కిందట మూడు వేల లోపు పెట్టి వైరుతో నడిచేది కొన్నాం, ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. స్పీడు తగ్గించి, గొట్టం నేలకు ఏటవాలుగా పట్టుకుంటే 20 ఎంఎం రాయి కదలదు, ఆకు లేస్తుంది. కంటికి అద్దాలు తప్పనిసరి, సన్న రాతిపొడి ఎగురుతుంది. మంచుకు తడిసిన ఆకు అస్సలు కదలదు కాబట్టి పొద్దున్నే కాకుండా పదింటి తర్వాత మొదలుపెట్టండి. వాన వచ్చేలా ఉంటే ఆ పూటే ఊదేయాలి. ఒక్కసారి తడిసి అంటుకుందంటే వారం పని.

ఊదిన ఆకుల్ని మేం తగలబెట్టం. ఇనుప వల చుట్టి గుండ్రంగా నిలబెట్టి అందులో వేస్తాం, అప్పుడప్పుడూ పేడనీళ్లు చల్లుతాం. వచ్చే ఎరువు మల్లెలకు వెళ్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక మాట. మా అత్తయ్య చేతికర్ర కంకరలో దిగబడేది, రెండుసార్లు తూలారు కూడా. ఆ టెన్షన్ భరించలేక ఒక పక్కన రెండడుగుల వెడల్పున కడప బండలు వేయించాం. ఇప్పుడు గేటు దాకా ఆవిడ ఒక్కరే నడుస్తారు. ఆ బండలు మొదటి రోజే వేయించి ఉండాల్సింది.

కారు తిప్పే చోట కంకర పలచబడింది. వేప రాలడం మొదలయ్యేలోపు అర యూనిట్ పోయించాలి, ట్రాక్టరుకు చెప్పి ఉంచాను.